రైట్ అన్నాక ఆగని కాలు

2018వ సంవత్సరం, చెరకు సీజను. ఫ్యాక్టరీ క్రషింగ్ మొదలైతే చోడవరం చుట్టుపక్కల రోడ్డు మీద బస్సు నడపడం ఎలా ఉంటుందో అక్కడి వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఒక చెరకు ట్రాక్టరు వెనక ఇంకో ట్రాక్టరు, వాటి సందుల్లో ఆటోలు, ఆ ఆటోల వెనక మా బస్సులు. నేను అప్పుడు ఒక బస్సు డిపోలో డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. డిపో పేరు ఇక్కడ అవసరం లేదు.

ఇన్‌స్ట్రక్టర్ అంటే కొత్తవాళ్ళకి బస్సు నేర్పేవాడని చాలామంది అనుకుంటారు. అది మా పనిలో చిన్న భాగం. ప్రమాదం జరిగినప్పుడు ఆ డ్రైవరు చేతికి మళ్ళీ స్టీరింగు ఇవ్వవచ్చునా లేదా అని పరీక్షించి రాసి ఇవ్వడం పెద్ద భాగం. ఇవ్వకూడదని రాస్తే ఆ డ్రైవరు బంధువులు వచ్చి మా అరుగు మీద కూర్చుంటారు. ఇవ్వవచ్చునని రాస్తే దెబ్బ తిన్నవాళ్ళ బంధువులు వచ్చి అదే అరుగు మీద కూర్చుంటారు. మా ఆవిడ ఇద్దరికీ టీ ఇచ్చేది.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నాకు డైరీ రాసే అలవాటు ఉంది. మిగతా ఏళ్ళ డైరీలు చదివితే ఏదో ఒకటి నేర్చుకున్నట్టు కనిపిస్తుంది. ఆ సీజను పేజీలు తిరగేస్తే మాత్రం విసుగు తప్ప ఇంకేమీ లేదు. "ఈ రోజూ తేలలేదు" అన్న వాక్యం మళ్ళీ మళ్ళీ కనబడుతుంది.

జరిగింది ఇదీ. వడ్డాది స్టాపులో పొద్దున్న పూట బస్సు ఆగింది. పైడమ్మ అని కూరగాయలు అమ్మే ముసలామె, వంకాయల బుట్ట చంకన పెట్టుకుని ముందు డోరు దగ్గర ఎక్కబోయింది. ఒక కాలు ఫుట్‌బోర్డు మీద ఉంది, ఒక కాలు నేల మీద ఉంది. అప్పుడు బస్సులోంచి "రైట్" అని వినబడింది. బస్సు కదిలింది. వెంటనే కండక్టరు "ఓల్డాన్" అని అరిచింది. రైట్ అంటే బయల్దేరు, ఓల్డాన్ అంటే ఆపు. ఇది మా వైపు చంటిపిల్లలకి కూడా తెలుసు. అయినా బస్సు ఆగలేదు. ఇంకొంత దూరం వెళ్ళి ఆగింది. ఈలోగా పైడమ్మ కింద పడింది. మణికట్టు విరిగింది.

డ్రైవరు పేరు దేముడు. బుచ్చయ్యపేట వైపు పల్లెటూరి మనిషి. నేనే అతనికి బస్సు నేర్పాను. అంతవరకు చిన్న గీత పడ్డ కేసు కూడా లేదు. అతన్ని డ్యూటీ నుంచి ఆపి నా దగ్గరికి పంపారు.

ముందు కండక్టరు నూకరత్నాన్ని అడిగాను.

"నేను రైట్ అన్లేదు మాస్టారూ. ఎనక సీట్లో ఎవుడో అన్నాడు. ఆడి తరవాత ఇంకోడు అందుకున్నాడు. ఓల్డాన్ మాత్రం నేనే అన్నాను. గొంతు సిరిగిపోయేలా అరిసేను."

"రైట్ చెప్పాల్సింది నువ్వు. ఎవరో చెప్తుంటే నువ్వేం చేస్తున్నావు?"

"టిక్కెట్లు కొడతన్నాను. బస్సెడు జనం, మిషను ఒకటి. ఓ రోజు మీరొచ్చి కొట్టండి, తెలుస్తాది."

"బెల్లు ఉంది కదా. బెల్లు కొట్టకుండా ఈ నోటి మాటలేమిటి?"

నూకరత్నం నా వైపు జాలిగా చూసింది. "ఏ బెల్లు మాస్టారూ? తాడు తెగిపోయి ఎన్నాళ్ళయిందో. మిగిలిన ముక్కకి జనం సంచులు తగిలిస్తన్నారు."

తరవాత దేముడు వచ్చాడు. పెళ్ళికి పిలిచినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"రైట్ ఎవరన్నారో చూసుకోకుండా బండి ఎందుకు తీశావయ్యా?"

"రైట్ ఎవుడంటే ఏటి మాస్టారూ. రైట్ అని సెవిలో పడితే కాలు ఎల్లిపోద్ది."

"సరే. ఓల్డాన్ వినబడిందా?"

"ఇనబడింది."

"మరి?"

"ఇనబడింది గానీ, కాలు అప్పటికే ఎల్లిపోనాది. ఆపాలనుకున్నాను. అనుకున్నాను గానీ కాలు ఆగలేదు."

"ఓల్డాన్ విన్నానని ఎంక్వయిరీలో చెప్పావా?"

"సెప్పేను. అబద్దం సెప్పమంటారేటి?"

నేను తల పట్టుకున్నాను. "వినబడలేదు" అని ఒక్క మాట అని ఉంటే, ట్రాక్టర్ల చప్పుడులో వినబడలేదని రాసి కేసు మూసేసేవాళ్ళు. ఈయనకి అబద్ధం చెప్పడం ఇష్టం లేదు. నిజం చెప్తేనేమో ఎవరూ నమ్మరు. విని కూడా ఆపకపోవడం ఏమిటని మేనేజరు అడుగుతాడు. అదే ప్రశ్న నేనూ అడుగుతున్నాను. ఆపాలని అనుకున్న మనిషి కాలు ఆగకపోవడం ఏమిటి? కాలు అతనిదే కదా.

విశాఖపట్నం పంపి చెవులు, కళ్ళు, నరాలు పరీక్ష చేయించాం. అన్నీ బాగున్నాయని డాక్టరమ్మ రాసి ఇచ్చారు. ఇక మిగిలింది నా పరీక్ష. డిపో యార్డులో ఖాళీ బస్సు పెట్టించాను. నేను ముందు డోరు ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాను. "నేను రైట్ అంటే బయల్దేరు, ఓల్డాన్ అంటే ఆపు" అని దేముడికి చెప్పి మొదలుపెట్టాను. కొన్నిసార్లు రైట్ చెప్పి ఊరుకున్నాను. కొన్నిసార్లు రైట్ చెప్పి, చక్రం కదలగానే ఓల్డాన్ అన్నాను. అన్నిసార్లూ ఆపాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. బస్సు ఎక్కడిదక్కడే నిలబడిపోయేది.

సంతోషించాను. మనిషి బాగున్నాడు, సీటు నిలబడుతుంది అనుకున్నాను. అదే మాట మేనేజరు గారికి చెప్పాను. ఆయన వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చారు, చిన్న వయసు, ప్రతిదీ వరసగా ఆలోచించే మనిషి. ఆ వరసే నా కొంప ముంచింది.

"అంటే ఓల్డాన్ అంటే ఆపగలడు" అన్నారు.

"ఆపగలడండి. చక్కగా ఆపుతున్నాడు."

"చెవులు బాగున్నాయి. కాళ్ళు బాగున్నాయి. ఓల్డాన్ విన్నానని తనే ఒప్పుకున్నాడు. ఆపగలడని మీరు చెప్తున్నారు. అయినా ఆపలేదు. మాస్టారూ, దీన్ని ఏమంటారో మీరే చెప్పండి."

నేను చేతిలో పరీక్ష కాగితం మడత పెట్టుకున్నాను.

"ఆ ముసలామెతో అతనికి గొడవ ఉందట. మీకు తెలుసా?"

తెలుసు. డిపోలో అందరికీ తెలుసు. ప్రమాదానికి రెండు రోజుల ముందే పైడమ్మ బుట్ట ముందు సీటులో పెట్టిందని దేముడు అరిచాడు. "నీ బుట్టకి టిక్కెట్టు తీసేవేటమ్మా? రేపట్నుంచి నిన్ను ఎక్కించుకోను, ఏం సేసుకుంటావో సేసుకో" అన్నాడు. బస్సంతా విన్నది.

"నిర్లక్ష్యం అయితే ఒక శిక్ష. కావాలని చేస్తే ఉద్యోగమే ఉండదు. పోలీసు కేసు కూడా అవుతుంది" అన్నారు మేనేజరు గారు. "మీ రిపోర్టు వచ్చాక నేను పైకి రాస్తాను."

ఆయన తప్పుగా ఏమీ అనలేదు. అదే నాకు మరీ మంటగా ఉంది. మనిషిని కాపాడదామని నేను చేసిన పరీక్షే వాడి మెడకి చుట్టుకుంది. సరిగ్గా ఆపలేకపోయి ఉంటే శిక్షణ లోపం అనేవారు. సరిగ్గా ఆపినందుకు హంతకుడిలా చూస్తున్నారు. బయటికి వచ్చేసరికి దేముడు వరండాలో ఉన్నాడు.

"పరీక్ష బాగానే సేసేను కదా మాస్టారూ?"

"బాగా చేశావు. అదే కొంప ముంచింది."

"మీ మాటలు నాకు అర్థం కావు" అన్నాడు. నాకు మాత్రం అర్థమయ్యాయా ఏమిటి.

మర్నాడు పైడమ్మని చూద్దామని చోడవరంలో వడ్డాది బస్సు ఎక్కాను. ఆ రోజు డ్రైవరు సూర్యారావు. డిపోలో అందరికంటే సీనియరు. ప్రమాదం లేకుండా నడిపినందుకు మెడల్ తీసుకున్న మనిషి. ఆ మెడల్ ఫొటో డ్రైవర్ల విశ్రాంతి గదిలో గోడకి ఉంటుంది, అందరికీ బుద్ధి చెప్పడానికి. సీటు దొరకలేదు. డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

ఆ ప్రయాణం ఎన్ని సార్లు చేశానో లెక్క లేదు. కాని ఆ రోజే కళ్ళతో చూశాను. ప్రతి స్టాపులోనూ రైట్ చెప్పేది కండక్టరు కాదు. జనం. దిగేవాడు ఒక కాలు నేల మీద పెట్టి, రెండో కాలు ఇంకా మెట్టు మీద ఉండగానే "రైట్" అంటాడు, బస్సుకి ఏదో ఉపకారం చేసినట్టు. సీటులో కూర్చున్నవాడు కళ్ళు తెరవకుండానే అంటాడు. ఒకడంటే ఇంకొకడు అందుకుంటాడు. తను ఎక్కేవరకు "ఉండండి బాబూ, ఉండండి" అని బతిమాలిన మనిషి, ఎక్కి కడ్డీ పట్టుకోగానే "రైట్ రైట్, ఎంతసేపు" అంటాడు. తన వెనక ఎక్కేవాళ్ళు ఉన్నారని వాడికి ఆ క్షణంలో గుర్తుండదు. కండక్టరు బస్సు మధ్యలో ఎక్కడో చిక్కుకుపోయి ఉంటాడు.

ఆ మాట వినబడగానే సూర్యారావు ఏం చేస్తున్నాడో చూశాను. తల కుడి వైపు తిరుగుతుంది. కుడి అద్దంలో చెరకు ట్రాక్టర్లు వస్తుంటాయి. వాటి మధ్య సందు కనబడిందంటే బస్సు దూరాలి, లేకపోతే ఆ వరస మొత్తం పోయేదాకా స్టాపులోనే ఉండాలి. కళ్ళు కుడి అద్దంలో ఉండగానే కాళ్ళు పని మొదలుపెట్టేస్తాయి. క్లచ్చి మెల్లగా వదులుతూ వస్తే ఒక చోట ఇంజను పట్టుకుని బస్సు సన్నగా వణుకుతుంది. దాన్ని మేం బైటింగ్ పాయింట్ అంటాం. అనుభవం ఉన్న డ్రైవరు రైట్ వినకముందే అక్కడికి వచ్చి కూర్చుంటాడు. రైట్ పడగానే ఆ మిగిలిన కాస్తా వదిలేస్తాడు. బస్సు ఒక్కసారి ముందుకి దూకింది. నిలబడ్డవాళ్ళందరం కలిసికట్టుగా వెనక్కి ఊగాం. నా మోచెయ్యి ఎవరి కడుపులోనో దిగింది.

"కాస్త సూసుకోండి పెద్దాయనా" అన్నాడు నా వెనక మనిషి.

నేను క్షమాపణ చెప్పబోయి ఆగిపోయాను. నిన్న యార్డులో నేను ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాను. చేతిలో అట్ట, కాగితం ఉన్నాయి. కడ్డీ పట్టుకోలేదు. అయినా ఒక్కసారి కూడా ఊగలేదు.

అంటే దేముడు నిన్న బస్సుని ఇలా తియ్యలేదు. ఓల్డాన్ వస్తుందని వాడికి తెలుసు. తెలుసు కనుక క్లచ్చి వదలడమే బెరుకుగా వదిలాడు. కాలు సగం నా మాట కోసం ఆపి ఉంచుకున్నాడు. నేను పరీక్షించింది ఆపడాన్ని కాదు. ఆపమంటారని ఎదురుచూస్తూ కూర్చున్న మనిషిని పరీక్షించాను. రోడ్డు మీద ఆ ఎదురుచూపు ఎక్కడిది? నలభై స్టాపుల్లో వినబడని ఓల్డాన్ ఒక స్టాపులో వినబడుతుంది, అదీ కళ్ళు కుడి అద్దంలో ఉన్నప్పుడు, ఎడమ వైపు నుంచి.

ఇన్నేళ్ళుగా యార్డు పరీక్ష ఇలాగే చేస్తున్నాం. నాకు ముందు ఉన్న ఇన్‌స్ట్రక్టరూ ఇలాగే చేశాడు. ఒక్కడికీ తట్టలేదు. వడ్డాది వచ్చేదాకా నా మీద నాకే ఒళ్ళు మండిపోతూ ఉంది.

పైడమ్మ ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉంది. ఎడమ చేతికి కట్టు. కుడి చేత్తో చింతకాయలు ఒలవబోతోంది, రెండో చెయ్యి లేక కుదరడం లేదు. బస్సు మాస్టారునని చెప్పేసరికి చింతకాయ పక్కన పెట్టింది.

"ఏటి బాబూ, మళ్ళీ సంతకాలా? ఇప్పటికి ఎన్ని వేలిముద్రలేసేనో నాకే తెలీదు."

"సంతకం వద్దమ్మా. ఒక మాట అడగడానికి వచ్చాను. దేముడు నిన్ను తిట్టాడట కదా."

"తిట్టేడు. నేనూ తిట్టేను. బస్సన్నాక తిట్టుకోరేటి? బుట్ట పెట్టుకోడానికి సోటు లేదు, నెత్తి మీద పెట్టుకోమంటాడేటి ఆడు?"

"ఆ కోపంతోనే కావాలని బస్సు తీశాడని అంటున్నారు."

ఆమె చింతకాయ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తరవాత, "నోరు పారేసుకుంటాడు గానీ మనుసుల్ని పడేసే రకం కాదు బాబూ. నేను పడగానే దిగొచ్చేడు. ఆడి మొకం సూసేను నేను. నాకన్నా ఆడే ఎక్కువ బయపడిపోనాడు. వంకాయలన్నీ ఏరి బుట్టలో ఎట్టి, నా సెయ్యి సూసి ఏడిసేడు" అంది.

"రైట్ ఎవరన్నారో చూశావా?"

"ఎవుడో ఎదవ. దొరికితే నాలిక కోసేద్దును."

"నువ్వెప్పుడూ అనవా రైట్ అని?"

"ఎందుకనను? రోజూ అంటాను" అంది పైడమ్మ ఆశ్చర్యంగా. "ఆలీసం అయిపోతే కూరలు వాడిపోవేటి?"

నేను లేచి స్టాపు వైపు నడిచాను.

సాయంత్రం ఇంటికి వచ్చి, దేముడికి సర్టిఫికెట్టు ఇచ్చిన డాక్టరమ్మకి ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, విన్న మాటకి కాలు ఆగకపోవడం అనేది ఉంటుందా అని అడిగాను. ఉంటుందన్నారు. మెదడులో కదలమనే కబురు ఒక దారిన, ఆపమనే కబురు ఇంకో దారిన బయల్దేరతాయట. రెండూ పరుగు పందెంలో ఉన్నట్టే. ఏది ముందు చేరితే అది గెలుస్తుంది. కదలమన్న కబురు కాస్త ముందు బయల్దేరి ఒక హద్దు దాటిపోతే, ఆపమన్న కబురు ఎంత గట్టిగా అరిచినా వెనకబడిపోతుంది. మనిషికి మాత్రం రెండూ తెలుస్తూనే ఉంటాయి. "ఆపాలనుకున్నాను, ఆగలేదు అన్నాడు చూడండి, అది సాకు కాదండీ. ఉన్నదున్నట్టు చెప్పాడు" అన్నారు. "ఆపవలసి వస్తుందేమోనని ముందే అనుకునేవాడు కదలడమే నెమ్మదిగా కదులుతాడు. కబుర్లతో, చప్పుడుతో, ఇంకో పనితో ఉన్నవాడికి ఆపమన్న కబురు బయల్దేరడమే ఆలస్యం అవుతుంది."

ఇదే మాట వెళ్ళి మేనేజరు గారికి చెప్పాను. ఆయన మర్యాదగా విన్నారు.

"డాక్టరు గారు చెప్పింది బాగుంది మాస్టారూ. కాని ఆవిడ వడ్డాది స్టాపులో లేరు. మీరూ లేరు. నాకు కనబడేది చూపించండి."

చూపించమంటే మనుషుల్ని కింద పడెయ్యాలా అని అడగాలనిపించింది. అడగలేదు. ఇంటికి వచ్చి ఆలోచించాను.

రెండో పరీక్ష ఆదివారం పెట్టాను. గ్యారేజీ వాళ్ళని బతిమాలి బస్సు నిండా ఎక్కించాను. డోరు పక్కన నేల మీద ఒక ఇసక బస్తా పెట్టాం, అది ఎక్కబోయే మనిషి అనుకోవాలి. కుడి వైపు నుంచి ఇంకో బస్సు పదే పదే దాటిపోయేలా ఏర్పాటు చేశాను, ట్రాక్టర్ల బదులు. డ్రైవర్లతో "బస్సు పికప్ చూస్తున్నాం, సందు చూసి చురుగ్గా తియ్యాలి" అని చెప్పాను. ఓల్డాన్ ఊసు ఎత్తలేదు. బస్సులో ఉన్నవాళ్ళతో మాత్రం, మీ ఇష్టం వచ్చినట్టు కబుర్లు చెప్పుకోండి, ఇష్టం వచ్చినప్పుడు రైట్ అనండి అన్నాను. ఈ ఒక్క ఆజ్ఞనీ మా వాళ్ళు శ్రద్ధగా పాటించారు.

మేనేజరు గారు ఇసక బస్తా పక్కన నిలబడ్డారు. నూకరత్నం బస్సు మధ్యలో ఉంది. ఎప్పుడు ఓల్డాన్ అనాలో ఆమెకి ఒక్కదానికే తెలుసు.

ముందు సూర్యారావుని కూర్చోబెట్టాను. రైట్, తీశాడు, ఆపాడు. మళ్ళీ రైట్, మళ్ళీ తీశాడు. అలా చాలాసేపు జరిగింది. బస్సులో ఎవరో కోడిపందేల గురించి మాట్లాడుతున్నారు. సూర్యారావు కూడా ఒక మాట కలిపాడు. అప్పుడు వెనకనుంచి "రైట్" వచ్చింది. బస్సు దూకింది. "ఓల్డాన్" అని నూకరత్నం అరిచింది. బస్సు ఇసక బస్తాని దాటి, మేనేజరు గారిని దాటి, అవతల ఆగింది.

సూర్యారావు దిగి వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. "ఇదేటి మాస్టారూ, ఓల్డాన్ ఉంటాదని ముందే సెప్పాలి కదా."

"ముందే చెప్తే ఆపేవాడివా?"

"ఆపకేటి?"

"పైడమ్మ ముందే చెప్పలేదు" అన్నాను.

తరవాత ఇంకొందరు డ్రైవర్లని, విశ్రాంతి గదిలోంచి ఒక్కొక్కరిగా పిలిచాం, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునే వీలు లేకుండా. అందరూ మంచి డ్రైవర్లే. ఒకరు బస్తా పక్కనే ఆపారు. మిగతావాళ్ళు దాటిపోయారు. చివర దేముడు. అతనూ దాటాడు, సూర్యారావుకంటే కాస్త తక్కువ. దిగి ఇసక బస్తాని చూసి, అక్కడే కూలబడ్డాడు. అది బస్తా అని నేను చెప్పినా లేవలేదు.

మేనేజరు గారు చాలాసేపు నేల మీద టైరు గుర్తులు చూశారు.

"అయితే వీళ్ళందరినీ సీటు దింపెయ్యమంటారా?"

"వద్దండి. రైట్ అనే హక్కు ఒక్కరికే ఉండేలా చూడండి. బెల్లు తాళ్ళు కట్టించండి."

"ఇండెంట్ పెడదాం, తాళ్ళు కావాలని పైకి రాద్దాం" అన్నారు.

రిపోర్టులో రెండే మాటలు రాశాను. ఆపాలనుకుని ఆపలేకపోయాడు. ఎడమ అద్దం చూడకుండా కాలు వదిలాడు. మొదటిది తప్పు కాదు, రెండోది తప్పు. కావాలని చేశాడన్న మాట కేసులోంచి పోయింది. ఎడమ అద్దం చూడనందుకు దేముడిని కొన్నాళ్ళు స్టీరింగుకి దూరంగా ఉంచి నాకు అప్పగించారు. అది న్యాయమే. పైడమ్మ మణికట్టు వంకరగానే అతుక్కుంది. దానికి ఎవరి రిపోర్టూ ఏమీ చెయ్యలేకపోయింది.

ఆ కొన్నాళ్ళూ దేముడికి నేను ఓల్డాన్‌కి ఆపడం నేర్పలేదు. పరుగులో వెనకబడ్డ కబురుని ఎంత తరిమినా లాభం లేదు. బయల్దేరడం మార్పించాను. రైట్ ఎవరన్నా సరే, కుడి కాలు బ్రేకు మీదే ఉండాలి. కుడి అద్దం ముందు, ఎడమ అద్దం ఆఖరు. ఎడమ అద్దంలో ఫుట్‌బోర్డు ఖాళీగా కనబడ్డాకే క్లచ్చి బైటింగ్ పాయింటుకి రావాలి. సందు పోతే పోనీ.

"సందు పోతే జనం ఊరుకోరు మాస్టారూ. తిడతారు."

"తిట్టించుకో."

"మీరు తేలిగ్గా అంటారు. తిట్లు తినేది నేను."

ఈ పద్ధతే అందరికీ పెట్టమని రాశాను. కొందరు పాటించారు, కొందరు నవ్వారు. సూర్యారావు మెడల్ ఫొటో గోడకి అలాగే ఉంది. బెల్లు తాళ్ళ ఇండెంటు నేను రిటైరయ్యే రోజుకి కూడా పైన ఎక్కడో ఉంది.

ఈ మధ్య ఒక రోజు పింఛను పని మీద చోడవరం వెళ్ళాల్సి వచ్చింది. కౌంటరు మూసేస్తారేమోనని ఆదుర్దాగా ఉన్నాను. చుట్టాలింటి నుంచి వస్తూ వడ్డాదిలో బస్సు ఎక్కితే డ్రైవరు సీటులో దేముడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. నన్ను అద్దంలో చూసి తల ఊపాడు. బస్సు నిండింది. కుడి వైపు ట్రాక్టర్ల మధ్య మంచి సందు వచ్చింది. బస్సు కదల్లేదు. ఇంకో సందు వచ్చింది. అదీ పోయింది.

"నిద్దరోతన్నాడేటి ఈడు" అన్నారెవరో.

"ఇంటికాడ పెళ్ళాంతో దెబ్బలాడొచ్చేడేమో."

"ఓ బాబూ దేముడూ, నువ్వు పేరుకే దేముడివా, కాస్త కదులు."

నేను గడియారం చూసుకున్నాను. ఇంకో సందు కనబడింది, పెద్దది, పోతే మళ్ళీ రాదన్నట్టు ఉంది. "రైట్" అని గట్టిగా వినబడింది. ఆ గొంతు నాదని గుర్తుపట్టేసరికి మాట బయటికి వెళ్ళిపోయింది. పళ్ళ మధ్య పట్టుకుందామని చూశాను. అందలేదు.

"ఎవుడ్రా అది రైట్ అన్నోడు?" అని డోరు దగ్గర నుంచి ఒక ముసలి గొంతు వినబడింది. చంకలో బుట్ట, ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు నేల మీద.

నేను కిటికీ వైపు తిరిగాను. దేముడు కుడి అద్దం చూశాడు. ఎడమ అద్దం చూశాడు. పైడమ్మ రెండో కాలు పైకి పెట్టి, బుట్ట దించి, ఆ వంకర చేత్తో కడ్డీ పట్టుకునేదాకా చూస్తూనే ఉన్నాడు. అప్పటికి ఆ సందు కూడా పోయింది. అప్పుడు తీశాడు. నిలబడ్డవాళ్ళెవరూ వెనక్కి ఊగలేదు.